బాత్రూమ్‌లోకి నీళ్లు రానివ్వకండి

బెంగళూరులో సొంత ఫ్లాటు ఉండి, ఈ ఏడాది బోనస్ చేతికొచ్చి, పాత బాత్రూమ్ పగలగొట్టించి కొత్తది కట్టించాలని ఉబలాటపడుతున్న తెలుగు కుటుంబాలన్నిటికీ ఒక మనవి. బన్నేరుఘట్ట రోడ్డులో టైల్స్ షాపులు తిరిగేముందు, గుజరాత్‌లోని మోర్బీ నుంచి లారీల్లో దిగిన పలకల్లో ఏది అచ్చం ఇటలీ పాలరాయిలా ఉందో ఇంట్లో ఓటింగ్ పెట్టేముందు, ఒక్క విషయం తేల్చుకోండి. అసలు ఆ గదిలోకి నీళ్లు రావాలా?

నవ్వకండి. బాత్రూమ్‌ని పాడుచేసేది ఎవరో ఒకసారి ఆలోచించండి. మ్యాట్ బ్లాక్ కుళాయిల మీద తెల్ల మరకలు కట్టేది బోరు నీళ్లు. గీజర్ కాయిల్‌కి సున్నపు పొర పట్టించేదీ అవే. కింది ఫ్లాటు వాళ్ల సీలింగ్‌లో మచ్చగా వెలిసి, మన ఫ్లాటు నంబరుతో సహా అసోసియేషన్ వాట్సాప్ గ్రూపుకెక్కేదీ నీళ్లే. ఇంత నేరచరిత్ర ఉన్న పదార్థాన్ని లక్షలు పోసి ముస్తాబు చేసిన గదిలోకి పిలిచి మరీ కూర్చోబెట్టుకుంటామా?

డిజైనర్లకు ఈ సంగతి ఎప్పుడో తెలుసు. వాళ్లు చూపించే 3డి బొమ్మలో కొవ్వొత్తి ఉంటుంది, మడతపెట్టిన తెల్ల తువ్వాలు ఉంటుంది, ఎండ తగలకుండానే ఏపుగా పెరిగిన మొక్క ఉంటుంది. చుక్క నీరు ఉండదు. బకెట్టూ మగ్గూ ఉండవు, ఫినాయిల్ డబ్బా అసలే ఉండదు. అనంతపురం నుంచి అమ్మ వచ్చి "ఏం రా, స్నానానికి పీట యాడ వేసుకోవాల?" అని అడిగితే ఆ బొమ్మలో జవాబు లేదు.

పైగా ఈ ఊరికి నీళ్లు అంత తేలిగ్గా రావు. కావేరి నీళ్లను సుమారు 100 కిలోమీటర్ల దూరం నుంచి పంపులతో పైకి తోడి తేవాలి. 2024 మార్చిలో తాగునీటితో కారు కడిగితే 5,000 రూపాయల జరిమానా అని జలమండలి ప్రకటించింది, తన ఇంటి బోరు కూడా ఎండిపోయిందని ఉప ముఖ్యమంత్రే చెప్పుకున్నారు, కుళాయిలకు నీటి ధార తగ్గించే ఏరేటర్లు బిగించమన్నారు. మనం బుద్ధిగా వాష్‌బేసిన్ కుళాయికి ఏరేటర్ బిగించి, దాని పక్కనే నిమిషంలో బకెట్టు నిండేంత కుమ్మరించే రెయిన్ షవర్ పెట్టించుకున్నాం. దానికి ప్రెషర్ చాలదని ఒక పంపు కూడా.

ఇక టైల్స్ కింద ఏముండాలన్న సంగతి ఎవరికీ పట్టదు, దానికి ఫొటో దిగే యోగం లేదు కదా. వాటర్‌ప్రూఫింగ్ చేశాక నహానీ ట్రాప్, అంటే నేలలో నీళ్లు పోయే తూము, మూసి, ఒకటి రెండు రోజులు నీళ్లు నిలబెట్టి లీకేజీ చూడాలి. ఆ మాట ఎత్తితే మేస్త్రీ "నీళ్లు నిలబెట్టాలంటే ముందు నీళ్లుండాలి కదా సార్" అంటాడు, ట్యాంకర్ రాని రోజు ఆ మాటకు ఎదురు చెప్పలేం. నేలకు మీటరుకి ఒక సెంటీమీటరైనా వాటం ఉండాలి. మనమేమో జాయింట్లు కనపడకూడదని నాలుగడుగుల పలకలు కొంటాం. అంత పలక నాలుగు వైపుల నుంచీ ట్రాప్ వైపు వాలాలంటే కోయక తప్పదు, డిజైన్ చెడిపోతుందని కోయనివ్వం. దాంతో నీళ్లు ట్రాప్ దాకా వెళ్లకుండా కమోడ్ వెనకే కాపురం పెడతాయి. కమోడ్ ఏ దిక్కుకు ఉండాలో మాత్రం వాస్తు ఆయన్ను పిలిచి మరీ అడిగాం, అందులో లోటు లేదు.

అందుకే నా ప్లాన్ సూటిగా ఉంటుంది. కొత్త బాత్రూమ్‌కి నీళ్ల కనెక్షన్ వద్దు. చుట్టాలొస్తే లైట్లు వేసి చూపిద్దాం, గృహప్రవేశం లాంటిది చేసి భోజనాలు పెడదాం. స్నానాలు మాత్రం యుటిలిటీలో వాషింగ్ మెషీన్ పక్కన, బకెట్టుతో, అమ్మ పీట మీద.

ఇదే మా కాంట్రాక్టరుకి వివరించాను. ఆయన అస్సలు ఆశ్చర్యపోలేదు, ఇలాంటివి రోజూ వింటున్నట్టు తలూపాడు. మరి వాటర్‌ప్రూఫింగ్ తీసేస్తే రేటు ఎంత తగ్గుతుందన్నా అని అడిగాను.

"ఏం తగ్గదు సార్, అది ఎట్లాగూ మేం చేసేవాళ్లం కాదు."