పలుకు మీద దించాలి

ఉగాది సాయంత్రం మన బరంపురం తెలుగు సమాజం హాల్లో వంటల పోటీలో జరిగింది మీలో చాలామంది చూశారు. రాలేకపోయినవాళ్లు వాట్సాప్ గ్రూపులో చదివే ఉంటారు. పోటీ బల్ల మీద మా మనవరాలు పెట్టిన గిన్నెని తీసి కిటికీ గట్టు మీద, మంచినీళ్ల సీసాల పక్కన పెట్టేశారు. "ఇది తెలుగు వంట కాదమ్మా, హోటల్ ఐటమ్" అన్నారు బహుమతులు తేల్చడానికి కూర్చున్న పెద్దాయన. రెండు నిమిషాలు మాట్లాడాలని పిల్ల నాలుగు రోజులు అద్దం ముందు ప్రాక్టీసు చేసింది. నోరు విప్పకుండానే వెనక్కి వచ్చి నా పక్కన కూచుంది. అప్పుడే పంచాంగ శ్రవణం అయింది. వచ్చిన సంవత్సరం పేరు పరాభవ. ఆ పేరు మొదటి రోజే మా పిల్లకి తగలాలా అని నా ప్రాణం విలవిల్లాడింది.

ఆ పెద్దాయన మన సమాజానికి ఎంత చేశారో నాకు తెలుసు. పేరు రాయను, తప్పు పట్టడం నా ఉద్దేశం కూడా కాదు. ఆ గిన్నెలో ఏముందో, అది మా ఇంట్లోకి ఎలా వచ్చిందో ఆ రోజు ఎవరూ అడగలేదు. అందుకని ఇక్కడ చెప్పుకుంటున్నాను.

పోటీ నోటీసు ఇప్పటికీ నా ఫోన్లో ఉంది. ఇంట్లో స్వయంగా వండిన వంటకం తేవాలి, వండినవారు దాని గురించి తెలుగులో రెండు నిమిషాలు చెప్పాలి. అంతే ఉంది అందులో. పిల్ల ఉన్నది ఉన్నట్టు చదువుకుంది.

గిన్నెలో ఉన్నది స్పగెట్టి, అంటే ఇటలీవాళ్ల పాస్తాలో సన్నటి పొడుగు పోగుల రకం. బడా బజారులో దొరికే పుల్లటి నాటు టమాటాలు, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, ఉప్పు, వేరుశనగ నూనె, మా పెరటి కుండీలోని సబ్జా ఆకులు వేసి చేసింది. చీజ్ వెయ్యలేదు. మిగిలిపోయిన బ్రెడ్డుని చిదిమి, రెండు ఎండుమిరపకాయలు తుంచి వేసి, నూనెలో కరకరలాడేలా వేయించి పైన చల్లింది. దక్షిణ ఇటలీలో చీజ్ కొనలేని ఇళ్లలో ఇలాగే చల్లుకునేవారు. సబ్జా ఆకేమిటని మీరు అడగొచ్చు. ఎండాకాలం మనం నానబెట్టుకుని తాగే సబ్జా గింజల మొక్కా, ఇటలీవాళ్ల బేసిల్ మొక్కా ఒకటే జాతి. వాసనలో కాస్త తేడా, అంతే.

ఇది మా ఇంట్లోకి టీవీ చూసి రాలేదు. మా అమ్మాయి పెళ్లికి ముందు ఇటలీలోని బొలోన్యాలో రెండేళ్లు చదువుకుంది. ఒక పెద్దావిడ ఇంట్లో గది అద్దెకి తీసుకుంది. ఆవిడ పుట్టింది దక్షిణాన పూల్యాలో, పెళ్లయి ఉత్తరాదికి వచ్చింది. బొలోన్యాలో పాస్తా పిండిలో గుడ్లు కలుపుతారు, 100 గ్రాముల పిండికి ఒక గుడ్డు లెక్క. మన చపాతీ కర్రకి రెండు మూడింతలుండే కర్రతో పల్చగా ఒత్తి, పట్టీలుగా కోస్తారు. పూల్యాలో గుడ్డు లేకుండా గోధుమ రవ్వ పిండీ నీళ్లే కలుపుతారు. చిన్న ముక్కల్ని బొటనవేలితో నొక్కి చెవుల్లా చేస్తారు. బొలోన్యాలో నలభయ్యేళ్లు కాపురం చేసినా ఆవిడ వంటింట్లో వారమంతా పుట్టింటి చెవులేనట. ఆదివారం మాత్రం భర్త కోసం పట్టీలు ఒత్తేదట. మా అమ్మాయికి ఇంటి మీద బెంగ తగ్గింది ఆవిడ వల్లే. "అమ్మా, ఈవిడ అచ్చం మన మామ్మే" అనేది ఫోన్లో.

పట్టింపుల్లో కూడా అచ్చం మా అత్తగారే. స్పగెట్టిని విరిస్తే ఊరుకోదు. చేపలు వేసిన పాస్తా మీద చీజ్ చల్లితే బల్ల దగ్గర్నుంచి లేచిపోతుంది. మధ్యాహ్నం భోజనం అయ్యాక పాల కాఫీ అడిగితే, ఒంట్లో బాగోలేదా అని నుదురు తాకి చూస్తుంది. అందరూ వచ్చి కూర్చుంటే తప్ప పాస్తా నీళ్లలో వెయ్యదు.

మా అత్తగారిది పర్లాకిమిడి. 1936లో, అంటే మన ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి విడిపోయి ఒరిస్సాలో కలిసిన ఏడాదే పుట్టారు. మనల్ని ఎవరైనా ప్రవాసాంధ్రులు అంటే ఒప్పుకునేవారు కాదు. మా తాత తవ్వించిన నుయ్యి ఇక్కడే ఉంది, నాకు ప్రవాసం ఏమిటి అనేవారు. రెండేళ్ల కిందట పోయారు.

అమ్మాయి తిరిగొచ్చినప్పుడు సూట్‌కేసులో నాలుగు స్పగెట్టి పేకెట్లు తెచ్చింది. అప్పట్లో మన బరంపురంలో మేం తిరిగిన షాపుల్లో ఎక్కడా లేవు. మొదటిసారి వండిన రోజు నాకు ఇంకా కళ్లకి కట్టినట్టుంది. 100 గ్రాముల పాస్తాకి లీటరు నీళ్లు, 10 గ్రాముల ఉప్పు. ఎసరు తెర్లుతోంది. అత్తగారు వంటింటి గుమ్మంలో పీట వేసుక్కూచుని చూస్తున్నారు. ఆవిడ వండేటప్పుడు ఏదీ రుచి చూడరు. దేవుడికి పెట్టకుండా ఎంగిలి చెయ్యకూడదు. పులుసులో ఉప్పు చాలిందో లేదో వాసన చూసి చెప్పేవారు. అన్నం ఉడికిందో లేదో మెతుకుని రెండు వేళ్ల మధ్య నొక్కి చూసి, "పలుకుంది, ఇంకో నిమిషం" అనేవారు. అమ్మాయి ఒక పోగు తీసి నోట్లో వేసుకోబోయింది. "ఆగవే" అని ఆవిడ చెయ్యి పట్టుకున్నారు. పోగుని అందుకుని గోటితో తుంచి, కిటికీ వెలుతురులో చూశారు. మధ్యలో సూది మొనంత తెల్లచుక్క. "పలుకుంది. దీనికి ఇంత చాలు, దించెయ్. గంజి పారబొయ్యకు" అన్నారు.

అమ్మాయి అలాగే నిలబడిపోయింది. బొలోన్యాలో ఆ పెద్దావిడ రెండేళ్లు పోరి నేర్పినవి ఆ రెండు సంగతులే. లోపల కాస్త గట్టిగా ఉండగానే దించాలి. గంజి ఒక గరిటెడు ఉంచుకోవాలి, ఎందుకంటే పిండి దిగిన ఆ నీళ్లే నూనెనీ టమాటా రసాన్నీ చిక్కగా కలిపి పోగులకి పట్టిస్తాయి. వాళ్లు అల్ దెంతే అంటారు, పంటికి తగిలేలా అని అర్థం. మనకి దానికి పలుకు అనే మాట ఎప్పట్నుంచో ఉంది. జీవితంలో సముద్రం దాటని మా అత్తగారు మొదటి చూపులోనే ఆ మాట దానికి పెట్టేశారు.

ఆ తర్వాత పదిహేను రోజులకోసారి మా ఇంట్లో అది వండుతూనే ఉన్నాం. నేను ఇంటి అలవాట్లని నెత్తిన పెట్టుకుని ఊరేగించే మనిషిని కాను. మా ఇంట్లో విసుగు తెప్పించే పద్ధతులు బోలెడు. మావారు వరండాలో పేపరు చదువుతూనే కుక్కరు విజిల్స్ పైకి లెక్కపెడతారు, ఫోన్ వచ్చినా లెక్క ఆపరు. గిన్నెల మూతల పిడులన్నీ గోడ వైపు తిరిగి ఉండాలి. పాస్తా ఎంత తిన్నా చివర్లో రెండు ముద్దల మజ్జిగన్నం పడకపోతే భోజనం చేసినట్టుండదు అంటారు. అందుకని ఆ రోజు కూడా గుప్పెడు బియ్యం పడెయ్యాల్సిందే. అత్తగారైతే గంజిని ఒక్క చుక్క పోనిచ్చేవారు కాదు. కొంత తరవాణి కుండకి, కొంత మావారి పంచెలకి, మిగిలింది ఉప్పూ మజ్జిగా కలిపి పిల్లలకి. పాస్తా గంజిలో ఉప్పెక్కువ, పంచెలకి పనికిరాదని ఆవిడకి చాలా రోజులు దిగులు. ఆ పీట ఇప్పటికీ గుమ్మంలోనే ఉంది. వస్తూ పోతూ కాలికి తగులుతుంది. తియ్యలేదు.

మా మనవరాలికి తెలుగు వచ్చింది ఆ పీట దగ్గరే. బడి ఇంగ్లీషు మీడియం. స్నేహితులతో, షాపుల్లో, ట్యూషన్లో ఒడియా. అక్షరాలు ఎండాకాలం సెలవుల్లో నా దగ్గర దిద్దుకుంది. కానీ ఎసరు, వార్చడం, మగ్గడం, ఇగరడం, కమరడం, చిదమడం ఏ వాచకంలో ఉంటాయి? ఉన్నా పిల్లకి ఎలా తెలుస్తాయి? మగ్గడానికీ ఉడకడానికీ తేడా టమాటాల మీద మూత పెట్టి కూర్చున్నవాళ్లకే తెలుస్తుంది. ఆ రోజు మాట్లాడాల్సింది పిల్ల నోటుబుక్కులో రాసుకుంది. దాని దస్తూరీలోనే ఉంది: "ముందు ఎసరు పెట్టుకోవాలి. టమాటాలు మగ్గి, నీరు ఇగిరి, నూనె తేలాక సబ్జా ఆకు తుంచి వెయ్యాలి. కత్తితో కొయ్యకూడదు. స్పగెట్టి పలుకు మీద దించాలని మా తాతమ్మ చెప్పింది." ఇందులో దిద్దడానికి నాకు ఒక్క తప్పు కనబడలేదు. నేను ముప్పయ్యేళ్లు పిల్లలకి పాఠాలు చెప్పినదాన్ని.

కమిటీ భయం నాకు తెలియనిది కాదు. సాయంత్రమైతే గేట్ బజార్ వైపు నూడుల్స్ బళ్ల దగ్గరే మన పిల్లలందరూ. పెసరట్టు వద్దంటారు, చోడి అంబలి అంటే మొహం తిప్పుకుంటారు. ఇవాళ స్పగెట్టి రానిస్తే రేపు పిజ్జా కొనుక్కొచ్చి పెడతారు, ఇక తెలుగు వంటల పోటీ అని పేరెందుకు అని ఒక అక్కయ్య నాతో అన్నారు. అది నిజమైన బాధ. కాపాడుకోవాలనుకోవడం తప్పు కాదు, ఇటలీవాళ్లూ చేశారు. బొలోన్యా పట్టీ ఉడికాక 8 మిల్లీమీటర్ల వెడల్పు ఉండాలని 1972లో అక్కడి వాణిజ్య మండలిలో నమోదు చేయించి, బంగారంతో చేసిన నమూనా దాచారు.

కానీ గీత ఎక్కడ గీస్తాం? పూరీ జగన్నాథుడి వంటశాలలో ఈనాటికీ టమాటా, బంగాళదుంప వాడరు, అవి బయటి దేశాల నుంచి వచ్చినవని. ఆ కొలత పెడితే మన టమాటా పప్పు బల్ల దిగాలి. మిరపకాయ సముద్రాల అవతలి అమెరికా ఖండం నుంచి పోర్చుగీసువాళ్ల ఓడల్లో వచ్చింది. అంతకుముందు మనకి కారం అంటే ముఖ్యంగా మిరియమే. ఆ కొలతకి ఆవకాయా నిలవదు. అదే ఖండం నుంచి టమాటా ఇటలీకీ వెళ్లింది. వాళ్లూ దాన్ని చాలాకాలం అనుమానంగానే చూసి తర్వాత తమది చేసుకున్నారు. అంత దూరం ఎందుకు, పోయినేడు మన బల్ల మీద దాల్మాకి, అదే కూరగాయలు వేసిన పప్పుకి, రెండో బహుమతి ఇచ్చాం. చప్పట్లు కొట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. దాల్మా పక్కింటి ఒడియావాళ్ల దగ్గర మన అమ్మలు నేర్చుకున్నది. పక్కింటి నుంచి వస్తే మనదవుతుంది, బొలోన్యా నుంచి మా అమ్మాయి చేతిమీదుగా వస్తే హోటల్ ఐటమ్ అవుతుందా?

మనం ఏటా ఆగస్టు 29న గిడుగు రామమూర్తి పంతులుగారి ఫోటోకి దండ వేస్తాం. ఆయన 1880లో పర్లాకిమిడి వచ్చి బడిపంతులుగా చేరారు. జనం నోట్లో ఉన్న తెలుగుని పుస్తకాల్లో రాయనివ్వండి అని పోరాడారు. కొండల్లో సవరల భాష వాళ్ల మధ్య తిరిగి నేర్చుకున్నారు, నిఘంటువు తయారుచేశారు. 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో కలిసినప్పుడు మనసు విరిగి రాజమండ్రి వెళ్లిపోయారు. మన నోట్లో ఉన్న భాషకి ఆయన అంత గౌరవం తెస్తే, మన పొయ్యి మీద ఉన్నదాన్ని మనం కిటికీ గట్టు మీద పెట్టాం. ఆ రాత్రి నన్ను నిద్రపోనివ్వనిది ఇదే.

2025 డిసెంబరులో ఢిల్లీలో యునెస్కో సమావేశం జరిగింది. మన దీపావళిని, ఇటలీవాళ్ల వంటని ఆ సమావేశంలోనే వారసత్వ జాబితాలో చేర్చారు. ఇటలీవాళ్లు ఫలానా వంటకం అని ఒకదాని పేరు పంపలేదు. వండుకోవడం, ఉన్నది వృథా చెయ్యకపోవడం, కలిసి కూచుని తినడం, పెద్దలు పిల్లలకి నేర్పడం, వీటిని పంపారు. అది చదివినప్పుడు నాకు గుమ్మంలో పీటే గుర్తొచ్చింది.

కమిటీవారిని నేను అడిగేది పెద్దది కాదు. తెలుగు వంటల వరస అలాగే ఉంచండి. దానిలో నియమాలు ఇంకా గట్టిగా పెట్టినా నేను మీవైపే. పక్కన ఇంకో బల్ల వెయ్యండి, "మా ఇంటి వంట" అని. ఏ దేశపు వంటైనా సరే, కొనితెచ్చింది కాకూడదు, నేర్పినవాళ్ల పేరు చెప్పాలి, ఎలా వండారో మొదటి నుంచి చివరిదాకా తెలుగులో చెప్పాలి. బహుమతి రుచికి ఇవ్వకండి, ఆ చెప్పడానికి ఇవ్వండి. మన పిల్లల నోట తెలుగు ఎన్ని నిమిషాలు ఆగకుండా వస్తుందో అప్పుడు చూద్దాం. ఇంగ్లీషులో మాట్లాడి పులిహోరకి బహుమతి తీసుకున్న పిల్లల్ని కూడా మనం చూశాం. వాళ్లని తప్పు పట్టడం లేదు, వాళ్లకి ఎవరూ పీట వెయ్యలేదు.

ఉగాదికి ఇంకా చాలా రోజులుంది. ఆగస్టు 29న పంతులుగారి ఫోటో ముందు మొదలుపెట్టండి.

మా పిల్ల ఇక పేరు ఇవ్వనంటోంది. నేను చెబితే వినడం లేదు. కమిటీ నుంచి ఎవరైనా ఒకసారి ఇంటికి వచ్చి అడిగితే ఒప్పుకుంటుందని నా నమ్మకం. ఆ పెద్దాయనే వస్తే ఇంకా సంతోషం. రామలింగం చెరువు దగ్గర మా ఇల్లు అందరికీ తెలిసిందే. బయల్దేరే ముందు ఒక ఫోన్ కొట్టండి, ఎసరు పెట్టిస్తాను. మీరు వచ్చి కూర్చున్నాకే అది నీళ్లలో వేస్తుంది.