మంత్రిగారూ నేనూ ఒకే కేడరు

31 ఏళ్లు మినిస్టీరియల్ సర్వీసులో పనిచేసి రిటైరయ్యాను. పెళ్లిచూపుల్లో ఈ మాట విని, నేనేదో మంత్రిగారి పేషీలో ఉన్నాననుకుని మా మామగారు పిల్లనిచ్చారు. మినిస్టీరియల్ అంటే జూనియర్ అసిస్టెంటు, సీనియర్ అసిస్టెంటు, టైపిస్టు బాపతని ఆయనకు తెలిసేసరికి మూడు ముళ్లూ పడిపోయాయి. పోయేదాకా నన్ను మోసగాడి కిందే జమకట్టారు. ఇప్పుడుంటే డిక్షనరీ పట్టుకెళ్లి చూపించేవాణ్ణి. మోసం నాది కాదు, లాటిన్ భాషది.

లాటిన్‌లో మినిస్టర్ అంటే నౌకరు. 'తక్కువ' అని చెప్పే మైనస్‌కు దగ్గరి చుట్టం. 'ఎక్కువ' అని చెప్పే మాగిస్ నుంచి మాగిస్టర్ వచ్చింది, అంటే యజమాని, గురువు. మాస్టరూ మేజిస్ట్రేటూ ఆ ఇంటి పిల్లలే. ఈ లెక్కన, జిల్లా మేజిస్ట్రేటు కూడా అయిన కలెక్టరుగారు ఎక్కువవారు. ఫోనులో ఆయన చేత "సార్, సార్" అనిపించుకునే మంత్రిగారు తక్కువవారు. ఒకటో తరగతికి అఆలు దిద్దించే మాస్టారు సైతం మంత్రిగారికి పైమెట్టే. మరి బదిలీ కాగితం పట్టుకుని మంత్రిగారి గేటు దగ్గర ఆయన తెల్లారుజామునుంచీ ఎందుకు నిలబడ్డారంటే, ఆ సంగతి డిక్షనరీలో లేదు.

రాజుగారి కొలువులో నౌకరీ చేశాడు కాబట్టి ఈ నౌకరు పెద్దవాడయ్యాడు. రాజుగారికి చెంబు అందించేవాడికి ఊళ్లో దండాలు దొరకడం ఎక్కడైనా ఉన్నదే. అయినా మొదట్లో కాస్త సిగ్గుండేది. ఇంగ్లండులో, తొలి ప్రధాని అని ఇప్పుడు చెప్పుకునే రాబర్ట్ వాల్పోల్ 1721 నుంచి 1742 దాకా చక్రం తిప్పాడు. ఆ రోజుల్లో 'ప్రైమ్ మినిస్టర్' అన్నది తిట్టు. నేను అలాంటివాణ్ణి కాదు మొర్రో అని 1741లో పార్లమెంటులో చెప్పుకున్నాడు పాపం.

ఆ మాట అసలు అర్థాన్ని చెక్కు చెదరకుండా కాపాడుకొస్తున్నది మా గుమాస్తాలమే. న్యాయశాస్త్రంలో మినిస్టీరియల్ పని అంటే ఈనాటికీ, సొంత విచక్షణ వాడకుండా రూలు ప్రకారం చెప్పినట్టు చేసే పని. ఆ నిర్వచనాన్ని గట్టిగా అమలు చేస్తే కేబినెట్‌లో చాలామంది మా సర్వీస్ రూల్స్ కిందికే వస్తారు. ఇంక్రిమెంట్ల దగ్గర కొంచెం పేచీ రావచ్చు, అంతే.

మన 'మంత్రి' వేరే బాపతు. మంత్రమంటే ఆలోచన, రాజుకు ఆలోచన చెప్పేవాడు మంత్రి. ప్రమాణస్వీకారం ఏ భాషలో చేస్తే ఆ భాషలోని ఉద్యోగమే చెయ్యాలని రూలు పెట్టమని నా మనవి. తెలుగులో చేస్తే ఆలోచించాలి, ఇంగ్లీషులో చేస్తే వడ్డించాలి. ఈ తక్కువవాళ్లు మరీ ఎక్కువైపోతున్నారని 2003లో రాజ్యాంగాన్నే సవరించి, మంత్రుల సంఖ్య శాసనసభ సభ్యుల్లో 15 శాతం దాటకూడదన్నారు. 175 మంది ఉన్న ఆంధ్రప్రదేశ్‌లో ముఖ్యమంత్రితో కలిపి 26 మందికి మించకూడదని తేలింది.

మొన్న మా ఊళ్లో వాటర్ ట్యాంకు ప్రారంభం. పది గంటలకన్నారు, మంత్రిగారు పన్నెండున్నరకు వచ్చారు. మాకు ప్లాస్టిక్ కుర్చీలు, ఆయనకు తెల్ల టర్కీ తువ్వాలు కప్పిన సింహాసనం. ఒకాయన గొడుగు పట్టాడు, ఇంకొకాయన పళ్లెంలో కత్తెర పట్టుకున్నాడు. బండి దగ్గర్నుంచి ఓ కుర్రాడు పరుగెత్తుకొచ్చి, కొబ్బరిబోండం చెక్కి, స్ట్రా గుచ్చి రెండు చేతులా అందించాడు. లాటిన్ ప్రకారం ఆ వేదిక మీద మినిస్టర్ ఆ కుర్రాడే.

మంత్రిగారు మైకు పట్టుకుని "నేను మీ సేవకుణ్ణి" అన్నారు. చప్పట్లు మోగాయి. అంత నికార్సైన అనువాదం విని నాకైతే కళ్లు చెమర్చాయి. సభ అయ్యాక, మనది ఒకే కేడరు సార్ అని చెప్పుకుందామని దగ్గరికెళితే గన్‌మన్ మోచెయ్యి అడ్డం పెట్టి, "పెద్దాయనా, పక్కకు జరుగు" అన్నాడు. 

ఎండకు నోరెండిపోయి బండి దగ్గరికెళ్లాను. కుర్రాడు బోండం కొట్టిచ్చి యాభై రూపాయలన్నాడు.

"మంత్రిగారి దగ్గర తీసుకోలేదుగా?" అన్నాను.

"ఆయనా నువ్వూ ఒకటేనా తాతా?" అన్నాడు.