‘మత్తు ఆపిన 15 గంటలకూ లేవకపోతే మెదడు పోయినట్టే’ అన్న లెక్క తప్పు

ఐసీయూలో ఇచ్చే మిడజోలం అనే మత్తుమందు గురించి చేతులు మారుతున్న లెక్క ఇది (హాఫ్‌లైఫ్ అంటే రక్తంలో మందు సగానికి తగ్గే సమయం): “మిడజోలం హాఫ్‌లైఫ్ మూడు గంటలు. ఐదు హాఫ్‌లైఫ్‌లు గడిస్తే మందు వెళ్ళిపోయినట్టే. అంటే ఆపిన 15 గంటలకూ కళ్ళు తెరవలేదంటే మెదడు దెబ్బతిన్నట్టే.” గుణకారంలో తప్పు లేదు. కానీ ఆ మూడు గంటలు ఆరోగ్యవంతులవి. ఐసీయూ రోగి మీద దాన్ని రుద్దితే, కోలుకోగల మనిషి మీద కూడా ఇంటివాళ్ళు ఆశ వదిలేసుకుంటారు.

“హాఫ్‌లైఫ్ మూడు గంటలు.” మందు ఒంట్లో ఎంత మేర పరుచుకుంది, ఎంత వేగంగా బయటపడుతోంది అన్న రెండూ కలిసి హాఫ్‌లైఫ్‌ను నిర్ణయిస్తాయి. ఇన్‌ఫెక్షన్ ముదిరి అవయవాలను దెబ్బతీసే సెప్సిస్‌లో రెండూ మారిపోతాయి. మిడజోలంను ప్రధానంగా విడగొట్టేది సిప్ 3ఏ4 ఎంజైమ్. ఇన్‌ఫ్లమేషన్‌లో (ఒంట్లో వాపు ప్రతిచర్యలో) పెరిగే ఐఎల్-6 అనే ప్రోటీన్ ఆ ఎంజైమ్ తయారీనే తగ్గిస్తుంది. ఫ్లూకొనజోల్, వొరికొనజోల్, క్లారిత్రోమైసిన్, డిల్టియాజెమ్ వంటి మందులు నడుస్తుంటే, మిగిలిన కాస్త ఎంజైమ్‌కూ అడ్డుపడతాయి. రోజుల తరబడి ఎక్కిస్తే కొవ్వులో చేరిన మందు, ఆపాక మెల్లగా రక్తంలోకి తిరిగొస్తుంది. హాఫ్‌లైఫ్ 12 గంటలకు చేరిందనుకుంటే, అదే ఐదు రెట్ల లెక్క 60 గంటలవుతుంది.

“లివర్ చూసుకుంటుంది, కిడ్నీతో పనిలేదు.” ఈ మాటే ఎక్కువ తప్పుదోవ పట్టిస్తుంది. లివర్ విడగొట్టాక వచ్చే హైడ్రాక్సీమిడజోలం గ్లూకురొనైడ్ కిడ్నీల గుండానే పోవాలి. దానికి మత్తు గుణం తక్కువే, కానీ కిడ్నీలు ఆగితే గుట్టగా పేరుకుని తానే నిద్రపుచ్చుతుంది. అప్పుడు రక్తంలో మిడజోలం దాదాపు లేదని రిపోర్టు వచ్చినా మత్తు దిగిందని చెప్పలేం. మార్ఫిన్ నుంచి వచ్చే 6-గ్లూకురొనైడ్‌తోనూ ఇదే ముప్పు.

“ప్రొపోఫోల్ అయితే పది నిమిషాల్లో లేవాలి.” ఇది మరో మత్తుమందు; ఒక్క డోసుకు ఆ మాట నిజమే. అప్పుడు మెలకువ వచ్చేది మందు మెదడు నుంచి కండరాలకు సర్దుకోవడం వల్ల, ఒంట్లోంచి పోవడం వల్ల కాదు. రోజుల తరబడి ఆపకుండా ఎక్కించాక సర్దుకునే చోటు నిండిపోతుంది. గుండె పంపింగ్ తగ్గితే లివర్‌కు రక్తమూ తగ్గి ప్రొపోఫోల్ నెమ్మదిగా పోతుంది. నొప్పి తగ్గించే ఫెంటనిల్ కూడా ఎక్కువసేపు ఎక్కిస్తే పేరుకుంటుంది. అదే కుటుంబానికి చెందిన రెమిఫెంటనిల్ మాత్రం దీనికి మినహాయింపు.

“విరుగుడు ఇస్తే తేలిపోతుంది.” విరుగుడైన ఫ్లూమాజెనిల్ మిడజోలం లాంటి బెంజోడయాజిపైన్లకే పనిచేస్తుంది. దాని హాఫ్‌లైఫ్ సుమారు గంట, కాబట్టి లేచిన రోగి మళ్ళీ మత్తులోకి జారవచ్చు. రోజుల తరబడి మిడజోలం మీదున్నవారికి ఫిట్స్ రావచ్చు. విరుగుడు ఇచ్చినా లేవకపోయినంత మాత్రాన మెదడు పోయిందని రుజువు కాదు.

“జబ్బు మనిషికి మందు తక్కువే చాలు.” కాలిన గాయాల రోగుల్లో, మందుకు అలవాటుపడినవారిలో, గొట్టాలే మందును పీల్చుకునే ఎక్మోలో (గుండె, ఊపిరితిత్తుల పని చేసే యంత్రం మీద) ఎక్కువే పట్టవచ్చు.

అలాగని ప్రతి ఆలస్యాన్నీ మందు మీదకు నెట్టకూడదు. కంటిపాపలు సమానంగా లేకపోయినా, ఒక పక్క కదలకపోయినా గంటలు లెక్కపెట్టకుండా వెంటనే సీటీ తీయాలి. అవి లేకపోతే బోలస్‌లతో (ఒకేసారి ఇచ్చిన డోసులతో) సహా ఇచ్చిన మొత్తం డోసు, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్, లివర్ పరీక్షలు, ఒంటి వేడి, పక్కన నడుస్తున్న మందులు చూడాలి. గ్లూకోజ్, సోడియం, అమ్మోనియా, కార్బన్ డయాక్సైడ్ కొలవాలి. ఒళ్ళు కదలకుండా వచ్చే ఫిట్స్ కోసం మెదడు విద్యుత్ తరంగాలను చూపే ఈఈజీ తీయాలి. గుండె ఆగి తిరిగి కొట్టుకున్న రోగిలో మెదడు గురించి తీర్పుకు కనీసం 72 గంటలు ఆగాలి. అప్పటికీ మత్తు మిగిలి ఉందన్న అనుమానముంటే ఇంకా ఆగాలి.