ఏ రేపు?

"నాలుగు రోజుల పని సార్" అన్నాడు వడ్రంగి మేస్త్రి. ఇది మూడో వారం.

పాత ఇంట్లో చెక్క నేల మార్చడమంటే పాత పలకలు పీకి కొత్తవి బిగించడమే అనుకున్నాను, నా బుద్ధి తక్కువ! పలక లేపితే కింద చెమ్మ. ఎక్కడిదా అని చూస్తే గోడలో పైపు కారుతోంది. పైపు బాగుచేయిస్తే కింద దూలం పుచ్చిపోయింది. దూలం మార్చాక లెవెల్ చూస్తే గదంతా ఒకవైపుకు వాలింది. గోలీ వదిలితే దానంతటదే వంటింట్లోకి పోతుంది!

సరే, కొత్త చెక్క వచ్చిందిగా, వేసేయండి అంటే కుదరదట. గది గాలికి అలవాటు పడాలట. మేమేమో హాల్లో సోఫా మీద ముడుచుకుని పడుకోవాలి, అదేమో బెడ్‌రూమ్‌లో దర్జాగా! నిజమేలెండి, తేమ సర్దుకోకముందే బిగిస్తే తర్వాత ఉబ్బుతుంది, లేదా ఎండి సందులు పడుతుంది. కానీ ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా?

ఇక చెక్కను రుద్ది నునుపు చేసే సాండింగ్ దుమ్ము. ప్లాస్టిక్ షీట్లు కట్టారు. అయినా మూసిన బీరువాలో బట్టల మడతల్లోనూ పొడే!

అన్నీ అయ్యాయనుకుంటే ఇప్పుడు తలుపు తెరుచుకోదు. నేల ఎత్తు పెరిగిందట, తలుపు అడుగు చెక్కాలట. మేస్త్రి రేపొస్తాడట.