శ్రీ బాటిల్‌నెక్ గారి దివ్య సముఖమునకు

మహారాజశ్రీ బాటిల్‌నెక్ గారికి, అంటే కంప్యూటర్‌లో ఒక్క భాగం వెనకబడి మిగతావాటన్నిటినీ ఆపేసే ఇరుకు గారికి, నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి అందామంటే కుశలంగా ఉన్నది ఒక్క తమరే.

నిన్న సాయంత్రం కౌంటర్-స్ట్రైక్ 2 అనే తుపాకుల ఆటలో, మిరాజ్ మ్యాప్‌లో, ఐదుగురం కలిసి బాంబు పెట్టే 'ఏ' సైట్‌లోకి దూసుకెళ్లే సమయానికి తమరు దర్శనమిచ్చారు. తెర బిగుసుకుపోయింది. మళ్లీ కదిలేసరికి నేను నేలకరిచి ఉన్నాను. చావడం నాకు అలవాటే. ఈసారి కడుపు మండడానికి కారణం వేరు: కంప్యూటర్ క్యాబినెట్‌లో ఆ పూటే బిగించిన, ఆట బొమ్మలు గీసే గ్రాఫిక్స్ కార్డు ఉంది. ఫ్యాన్ల మీది ప్లాస్టిక్ పొర పీకిన చప్పుడు ఇంకా చెవుల్లోనే ఉంది. "అన్నా, గిది వేస్కో, వెన్న లెక్క నడుస్తది" అని సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ బజార్‌లో ఒకాయన చెప్పిన మాట కూడా. వెన్న సంగతేమో గానీ నా జీతం మాత్రం కరిగింది.

తెర మూలన అంకెలు పెట్టుకుని చూశాను. కార్డు 41 శాతం పని చేస్తోంది. సగటున సెకనుకి 180 ఫ్రేములు, అంటే బొమ్మలు. ఆహా! కిందనే "వన్ పర్సెంట్ లో" అని ఇంకో వరుస, అన్నిటికంటే నెమ్మదైన ఒక్క శాతం ఫ్రేముల లెక్క, అక్కడ 52. సగటు ఎవడికి కావాలండీ? మనం చచ్చేది ఆ అడుగున ఉన్న ఒక్క శాతంలోనే. సెకనుకి 144 సార్లు బొమ్మ మార్చే 144 హెర్ట్జ్ మానిటర్‌కి ఫ్రేముకి 6.9 మిల్లీసెకన్ల గడువు. 52 అంటే 19 మిల్లీసెకన్లు. ఆ తేడాలో అవతలివాడు నా తల ఎక్కడుందో చూసి, గురి పెట్టి, పని కానిచ్చేశాడు.

మరి తమరు ఎక్కడ దాక్కున్నారు? ఏ భాగానికి ఎంత పని పడుతోందో చూపే టాస్క్ మేనేజర్ తెరిస్తే "సీపీయూ (ప్రాసెసర్) 55 శాతమే, దిగులు పడకు" అంది. గ్రాఫు మీద కుడి క్లిక్ కొట్టి, లాజికల్ ప్రాసెసర్లు విడివిడిగా చూపించమంటే బండారం బయటపడింది. పని పంచుకునే ఆరు కోర్లలో ఐదు సగం పని కూడా లేక కాళ్లు చాపుకుని కూర్చున్నాయి. ఆరో దాని గీత పైకప్పుకి అతుక్కుపోయి ఉంది. పెళ్లి పంక్తిలో గరిటెలు పట్టుకుని పదిమంది నిలబడ్డారు, వంటశాలలో ఉన్నది మాత్రం ఒక్క వంటవాడు. ఎవరు ఎక్కడున్నారో, తూటా ఎటు పోయిందో, అడుగుల చప్పుడు ఏ వైపో లెక్కగట్టి ప్రాసెసర్ చెప్తేనే కార్డు బొమ్మ వేసేది. నేను కొన్నది ఇంకో గరిటె.

అనుమానం తీరక గ్రాఫిక్స్ సెట్టింగులు "లో" నుంచి "హై"కి పెంచాను. ఒక్క ఫ్రేము తగ్గితే ఒట్టు! కార్డుకి పని పెరిగినా ఫ్రేములు తగ్గలేదంటే తమరు ప్రాసెసర్‌లో ఉన్నట్టే, తమరి సంతకం అదేనని ఆలస్యంగా అర్థమైంది. పైగా మా షూటర్ల జాతికో ఆచారం ఉంది, ఫ్రేములు పెరుగుతాయని రిజల్యూషన్‌ని, అంటే బొమ్మలోని చుక్కల లెక్కని, 1280×960కి దించుకుంటాం. దించేకొద్దీ కార్డుకి పని తగ్గుతుంది, భారమంతా ఆ ఒక్క వంటవాడి నెత్తిన పడుతుంది. అంటే తమరికి పీట వేసి కూర్చోబెట్టేది మేమే.

కొనే ముందు చూసుకోవద్దా అంటారేమో. ఏం చూసుకోమంటారు? ఆట దొరికే స్టీమ్ పేజీలో కనీస అర్హతల కింద ఐ5-750 ప్రాసెసర్ చాలని రాశారు. 2009 నాటి చిప్! ఆటకి మాత్రం 85 జీబీ జాగా కావాలట. ఇక బాటిల్‌నెక్ కాలిక్యులేటర్లని కొన్ని వెలిశాయి. ఆట ఏదో అడగకుండా, మ్యాప్ ఏదో తెలియకుండా పాయింటు పక్కన రెండంకెల దాకా తమరి శాతం చెప్పేస్తాయి. చిలక జోస్యం నయం, కనీసం చిలక బయటికొచ్చి కార్డు తీస్తుంది. కార్డుల పేర్ల సంగతి ఎత్తకపోవడమే మంచిది. జీటీఎక్స్ 1060 అని 3 జీబీది, 6 జీబీది అమ్మారు. తేడా మెమరీ ఒక్కటే అనుకున్నవాళ్లకి లోపల కోర్లు కూడా 1152, 1280 అని తర్వాత తెలిసింది. ఆర్‌టీఎక్స్ 4080 పేరుతో 12 జీబీది ఒకటి 2022లో ప్రకటించి, జనం తిట్టిపోస్తే వెనక్కి తీసుకుని, మరుసటి ఏడు 4070 టీఐ అని బారసాల చేశారు.

సరే, ప్రాసెసర్ మారుద్దామంటే నా మదర్‌బోర్డు సాకెట్‌లో కొత్తది కూర్చోదు. బోర్డు మార్చాలి. కొత్త బోర్డు డీడీఆర్5 ర్యామ్ అడుగుతుంది. ఏఐ డేటా సెంటర్లకి మెమరీ సరిపోక 2025 చివర్లో ర్యామ్ ధరలు ఎక్కడికి ఎక్కి కూర్చున్నాయో తమరికి తెలియదా? పోనీ ఒక్క స్టిక్కుతో సరిపెట్టుకుందామంటే ర్యామ్‌కి ఒకే దారి మిగిలే సింగిల్ ఛానెల్‌లో మళ్లీ తమరే. రెండు స్టిక్కులు వేసినా బయాస్ అనే బోర్డు సెట్టింగుల్లోకి వెళ్లి, ర్యామ్‌ని పూర్తి వేగంతో నడిపే ఎక్స్‌పో ఆన్ చేయకపోతే, 6000 అని డబ్బా మీద ముద్రించిన ర్యామ్ 4800 దగ్గరే పడుకుంటుంది. అక్కడా తమరే. ఇదంతా అయ్యాక కరెంటు అందించే పాత ఎస్‌ఎంపీఎస్ "నా వల్ల కాదు" అంటుంది.

ఇక మర్యాద నా వల్ల కాదు. ఒరేయ్, నీకు సిగ్గుందా? నేను డబ్బు పెట్టిన చోట తప్ప మిగతా అన్ని చోట్లా ఉంటావు. మా ఫ్రెండు ఒకడు పాత ఏఎం4 సాకెట్ బోర్డు మీద బయాస్ అప్‌డేట్ చేసి 5800ఎక్స్3డీ ప్రాసెసర్ పెట్టుకున్నాడు. దాని లోపలే ఎల్3 కాష్ అనే చురుకు మెమరీ 96 ఎంబీ, ఆట లెక్కలు ర్యామ్ దాకా అంతగా పరిగెత్తక్కర్లేదు. నా కార్డు కంటే నాసి కార్డుతో నాకంటే నున్నగా ఆడుతున్నాడు వెధవ. వాడింటికి మాత్రం ఎందుకు పోవు?

పోతావులే. వాడికీ ఏ కార్డులోనో దాక్కుని ఉంటావు, కాకపోతే అక్కడ నిన్ను లొంగదీయడం తేలిక. నీడలు తగ్గిస్తే, రిజల్యూషన్ ఒక మెట్టు దించితే దారికొస్తావు. ప్రాసెసర్‌లో కూర్చున్నప్పుడు ఏ సెట్టింగుకీ పెద్దగా కదలవు, అదీ నా ఏడుపు. నువ్వు పూర్తిగా పోవాలని నేను కోరట్లేదు, ఏదో ఒక మూల నువ్వు లేని కంప్యూటర్ ఉండదని ఇప్పుడు తెలుసు. దయచేసి ఆ ముప్పై వేల కార్డులోకి మకాం మార్చు. చల్లగా ఉంటుంది, రెండు ఫ్యాన్లు, లైట్లు కూడా ఉన్నాయి. ఎలాగూ ఖాళీగానే ఉంది.

ఇట్లు,
ఈఎంఐ కట్టుకుంటున్న నీ బాధితుడు

తా.క.: ఉత్తరం ముగిస్తూ ఒక మ్యాచ్ పెట్టాను. హాల్లో టీవీలో ఎవరో సినిమా పెట్టగానే ముంబై సర్వర్‌కి పింగ్, అంటే సంకేతం వెళ్లి వచ్చే సమయం, 140 మిల్లీసెకన్లు దాటింది. వైఫైలోకి ఎప్పుడు దూరావురా?