అది కాదమ్మా…

కిందటి ఆగస్టు 29న మన ప్రవాస తెలుగు సంఘం తెలుగు భాషా దినోత్సవంలో నేను న్యాయనిర్ణేతల బల్ల దగ్గర కూర్చున్నాను. వేదిక మీద వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తిగారి ఫొటో, దానికో చామంతి దండ. ఆ ఫొటో ముందే పిల్లలకి 'అచ్చ తెలుగులో రెండు నిమిషాలు' పోటీ. ఇంగ్లీషు మాట దొర్లితే అర మార్కు కోత. 'ఉచ్చారణ శుద్ధి'కి విడిగా పది మార్కులు. తొమ్మిదేళ్ల బాబొకడు వాళ్ల తాతగారి ఊరి చెరువు గురించి చెబుతున్నాడు. చెరువులో ఏదో కదిలితే తాతని ఏమడిగాడో చెప్పాడు: "తాతా, అదేటి?" హాలంతా నవ్వింది. నా పెన్ను కాగితం మీద 'ఏటి' అని రాసి, పక్కన మైనస్ అర వేసింది.

పెన్ను కాదు, నేనే వేశాను.

నేను పుట్టి పెరిగింది పర్లాకిమిడిలో. ఇప్పుడు ఒడిశాలో గజపతి జిల్లా కేంద్రం. పక్కన మహేంద్రతనయ నది, ఊరు దాటితే పాతపట్నం, అంటే శ్రీకాకుళం జిల్లా. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు మా ఊరు అటు పోయింది, పాతపట్నం ఇటు ఉండిపోయింది. మా ఇంట్లో 'ఏమిటి' అన్న మాటే లేదు. ఏటి, ఏటంటావు, ఏటి చేస్తన్నావు, అంతే. ఇంటర్మీడియట్‌కి కోస్తాలో ఒక ఊరు పంపించారు. మొదటి వారంలోనే ఒక లెక్చరరు నన్ను నిలబెట్టి 'ఏటి' అని మూడుసార్లు అనిపించి క్లాసుని నవ్వించాడు. ఆరు నెలల్లో నా నోట్లోంచి ఆ మాటని పీకేశాను. సెలవలకి ఇంటికెళ్తే 'ఏమిటమ్మా' అన్నాను. అమ్మ ఒక్క క్షణం నా వైపు చూసి అన్నం వడ్డించింది. దాన్నే ఎదగడం అనుకున్నాను. చాలా ఏళ్లు అలాగే అనుకున్నాను.

ఆ అర మార్కు ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పుడు తెలుస్తోంది కదా. నన్ను నిలబెట్టినాయన ఊసే నేను ముప్పై ఏళ్లుగా చెప్పుకుంటూ వచ్చాను. ఆయన కుర్చీలో నేనెప్పుడు కూర్చున్నానో మాత్రం గమనించలేదు.

అయిదేళ్ల కిందట అమ్మ ఇక్కడికి వచ్చింది. ఆరు నెలలు ఉండాలని వచ్చి నాలుగు నెలలకే టికెట్ మార్పించుకుని వెళ్లిపోయింది. అమ్మకి చలి పడలేదని అందరికీ చెప్పాను. తర్వాత ఎన్నిసార్లు పిలిచినా రానంది. ఫోన్లో అడిగేవాణ్ని, "ఎందుకు రానంటావమ్మా, చలికి భయమా?" "ఊఁ, చలే." ఇంకోసారి, "మోకాళ్లా?" "ఊఁ, మోకాళ్లే." మరోసారి, "ఒక్కదానివీ బోరు కొడుతుందనా?" "ఊఁ." నేను ప్రశ్నతో పాటు జవాబు కూడా పొట్లం కట్టి చేతికిస్తున్నాను. ఆవిడ ఊఁ కొడుతోంది. పెద్దవాళ్లు మన మీద ప్రేమతో చాలావాటికి ఊఁ కొడతారు. ఆ ఊఁని మనం సమాధానం అనుకుని ఫోను పెట్టేస్తాం.

ఈ సంక్రాంతికి ఇంటికి వెళ్లాను. ఒకరోజు పొద్దున్న డాబా మీద అమ్మా, పక్కింటి మౌసీ వడియాలు పెడుతున్నారు. మౌసీ ఒడియా ఆవిడ, మినప్పప్పుని బిరి అంటుంది, వడియాలని బొడి అంటుంది. అమ్మ కూడా బొడి అనే అంటుంది. చిన్నప్పుడు అమ్మ "రేపు బొడి పెట్టాలి" అంటే మా ఇంట్లో బడి పెడతారేమోనని నేను హడలిపోయిన కథ మా వీధిలో ఇప్పటికీ చెప్పుకుంటారు. పాత పంచె పరిచి, ముందు రోజు కోరి పిండేసిన బూడిద గుమ్మడిని రుబ్బిన పిండిలో కలిపి, వేళ్ల కొసలతో ఒక్కొక్కటీ దించుతున్నారు. అమ్మ మొదటి వరస మొదట్లో ఒక పెద్ద వడియం పెట్టి దాని మీద పసుపు చుక్క వేసింది. అమ్మ తెలుగులో, "ఎండ బాగా కాసిందే ఈ రోజు" అంటుంది. మౌసీ ఒడియాలో, "హఁ, ఖొరా భొలొ ఒఛి" అంటుంది. కోడలి సంగతి, కూరగాయల ధర, ఎవరింట్లోనో పోయిన ఆవు, గంటన్నరసేపు ఇలాగే. ఎవరి భాష వాళ్లదే. ఒక్క మాటైనా మధ్యలో విరగలేదు. ఇన్నాళ్లూ నేను దీన్ని 'మా ఊరి సంకర భాష' అని స్నేహితుల దగ్గర వేళాకోళంగా చెప్పేవాణ్ని.

మౌసీ కిందికి వెళ్లాక నేను ఊరికే, ఏ జవాబూ జతచెయ్యకుండా, అడిగాను. "అమ్మా, ఎందుకు రావు?"

చాలాసేపు ఏమీ అనలేదు. మామూలుగా అయితే ఈ లోపు నేను రెండు కారణాలు అందించేవాణ్ని. చేతికున్న పిండి ఎండిపోతోంది, గిల్లుకుంటూ కూర్చున్నాను.

"అక్కడ నాతో ఇలా సగం సగం మాట్లాడీవోళ్లెవరున్నార్రా?" అంది. తర్వాత, "మీ ఉగాది పండక్కి తీసికెళ్లినావు కదా."

గుర్తొచ్చింది. భోజనాల దగ్గర ఒకావిడ అమ్మని ఏ ఊరని అడిగింది. పర్లాకిమిడి అంది అమ్మ. "అంటే ఒరిస్సావాళ్లా? తెలుగు బాగానే మాట్లాడుతున్నారే!" అందావిడ. నేను పక్కనుంచి, "మా అమ్మది సగం ఒడియాయే లెండి" అని నవ్వాను. ఆ తర్వాత అమ్మ ఏ ఫంక్షన్లోనూ నోరు విప్పలేదు. నేను దాన్ని చలి ఖాతాలో వేశాను.

"వాళ్లు అలా అనకుండా ఉండాల్సింది" అన్నాను.

"వాళ్లు ఏటన్నారు, వాళ్లకేటి తెలుసు. నువ్వు నవ్వినావు."

నా నోట్లోంచి వెంటనే వచ్చిన మాట, "అది కాదమ్మా…"

ఈ 'అది కాదు' గురించే నేను రాయాలనుకున్నది. మన ఇళ్లల్లో జవాబులన్నీ ఇక్కడే మొదలవుతాయి. అది కాదమ్మా, అది కాదండీ, అది కాదురా. అవతలివాళ్లు చెప్పింది మన చెవి దాటకముందే గుమ్మంలో నిలబెట్టి వెనక్కి పంపే మాట ఇది. చాలాసార్లు మనకి అభ్యంతరమే ఉండదు, అలవాటు అంతే. ఒక రోజంతా లెక్కపెట్టుకోండి. నేను లెక్కపెట్టుకున్నాను. మధ్యాహ్నం భోజనానికల్లా పదకొండు.

డాబా మీద మాత్రం ఎందుకో ఆ వాక్యం పూర్తి చెయ్యలేదు. "అవును, నవ్వాను" అన్నాను. దానికి ముందూ వెనకా ఇంకో మాట అతికించకుండా ఉండడం నేను ఆఫీసులో చేసే ఏ పనికన్నా కష్టంగా అనిపించింది. ఊరికే అన్నాను, సరదాకన్నాను, నువ్వలా అనుకుంటావనుకోలేదు, ఇవన్నీ నాలిక చివర వరసలో నిలబడి ఉన్నాయి. ఒక్కటి బయటికి వచ్చినా నా తప్పు మళ్లీ ఆవిడ అపార్థం అయిపోయేది. అమ్మ "సరే ఒగ్గేయ్, ఆ పళ్లెం ఇలా ఇయ్యి" అంది.

ఇదే పని నా కూతురి దగ్గర కూడా చేశాను. దానికి పదకొండేళ్లప్పుడు దాని స్నేహితురాలి కుటుంబం వేరే ఊరు వెళ్లిపోయింది. కారులో వెనక సీట్లోంచి తెలుగులోనే చెప్పింది, "నాన్నా, నాకు చాలా బాధ అయ్యింది." నేను అద్దంలో చూస్తూ, "బాధ వేసింది అనాలమ్మా" అన్నాను. "ఏం లేదులే" అని కిటికీలోకి చూసింది. ఆ తర్వాత మనసులో మాట చెప్పాలంటే ఇంగ్లీషే. పిల్లలకి తెలుగు మీద ఆసక్తి లేదని మన సమావేశాల్లో బాధపడే తండ్రుల్లో నేనూ ఒకణ్ని. పైగా, వరంగల్ నుంచి వచ్చిన మా స్నేహితుడికి ఈ ముక్క చెబితే, "బాధయింది అనే అంటం కదా మేము, దాంట్ల తప్పేముంది?" అన్నాడు. నేను దిద్దింది తప్పే కాదన్నమాట.

ఇప్పుడు ఫొటోలో ఉన్నాయన దగ్గరికి వస్తాను. గిడుగువారు 1880లో మా ఊరు రాజావారి బడిలో పంతులుగా చేరారు. కొండల మీంచి కొండచీపుర్లూ పసుపూ చింతపండూ మోసుకొచ్చే సవర గిరిజనుల మాట మా ఊరందరి చెవినా పడేదే. ఊరికి అది గోల, ఆయనకి భాష. తెలుగు వచ్చిన సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని నేర్చుకున్నారు. ఊరందరికీ పాఠం చెప్పే పంతులు, ఊరు చదువు లేనివాడనే మనిషి ఎదురుగా విద్యార్థిగా కూర్చున్నారు. సవర ముండా కుటుంబానికి చెందిన భాష. తెలుగుకీ ఒడియాకీ చుట్టం కాదు. గొంతులోనే తెగిపోయే ధ్వనులున్నాయి, మన అక్షరాలకి అందవు. అలాంటి భాష నేర్చుకునేవాడు నాలాగా జవాబు అందిస్తూ అడిగితే పని జరగదు. 'దీన్ని ఇలాగే అంటారు కదా?' అంటే ఎదుటివాడు మర్యాదకి అవునంటాడు, ఆ అవును నిఘంటువులోకి ఎక్కిపోతుంది. ఆయన సవర వ్యాకరణం 1931లో, సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లో అచ్చయ్యాయి. 1880 నుంచి లెక్కేసుకోండి. ఆ అడవుల్లో తిరిగి మలేరియా తెచ్చుకున్నారు. దానికి వాడిన క్వినైను వల్ల చెవుడు వచ్చింది. దీని మీద నేనేమీ అనను.

తెలుగు విషయంలో ఆయన్ని కదిలించిన ప్రశ్న కూడా బయటి నుంచి వచ్చిందే. ఏట్స్ అనే ఇంగ్లీషు స్కూళ్ల ఇన్‌స్పెక్టరు, పుస్తకాల్లో తెలుగు ఒకటీ జనం మాట్లాడే తెలుగు మరొకటీ ఎందుకుందని అడిగాడు. మన భాష గురించి నీకేం తెలుసని కొట్టిపారెయ్యడం తేలిక. అప్పటికి నలభై దాటిన గిడుగువారు ఆ ప్రశ్నని తనకే వేసుకున్నారు, మిగతా జీవితం దానికే ఇచ్చారు. పర్లాకిమిడి ఒడిశాలో కలవడం మాత్రం ఆయనకి మింగుడు పడలేదు, ఊరు విడిచి రాజమండ్రి వెళ్లిపోయారు. దీని గురించి అమ్మనడిగితే, "ఎల్లిపోయినోళ్లు ఎల్లిపోనారు, ఉండిపోయినోళ్లం ఉండిపోనాం" అంది. ఆ రెండు మాటల్లో ఎవరి మీదా ఫిర్యాదు లేదు. నేనైతే రెండు పేజీలు రాసేవాణ్ని.

దిద్దకపోతే పిల్లలకి తెలుగెలా వస్తుందని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. వ్యాకరణం రాసిన మనిషి ఫొటో పెట్టుకుని తప్పొప్పులే లేవనడం కుదరదు. 'నేను వెళ్లింది' అనే పిల్లకి 'వెళ్లాను' అని నేర్పాల్సిందే. కానీ తరగతిలో నేర్పండి, ఆ పిల్ల ఎక్కడికి వెళ్లిందో, అక్కడ ఏం జరిగిందో చెబుతున్నప్పుడు కాదు. తప్పు వేరు, తేడా వేరు. 'ఏటి' తేడా. దానికి మార్కు కోసే అధికారం మనకి ఎవరూ ఇవ్వలేదు.

వినడమంటే ఒప్పేసుకోవడమూ కాదు. అమ్మ బీపీ మాత్రలు మానేసిందని ఈసారే తెలిసింది. పాత నేనైతే ఫోన్లో కేకలు వేసి ఊరుకునేవాణ్ని. ఎందుకు మానేశావని అడిగి ఊరుకుంటే, అందులో ఒకటి వేసుకుంటే రాత్రి రెండు మూడుసార్లు లేవాల్సొస్తోందనీ, పెరట్లో బాత్రూం మెట్టు దగ్గర చీకటనీ చెప్పింది. మాత్రలు మాత్రం మానడానికి వీల్లేదన్నాను. డాక్టరు ఆ మాత్రని పొద్దుటికి మార్చారు, నేను మెట్టు దగ్గర బల్బు వేయించాను. రెండు వందల రూపాయల పని.

వచ్చే ఆగస్టుకి నా ప్రతిపాదన ఇదీ. 'అచ్చ తెలుగు' పోటీ తీసేద్దాం. ప్రతి పిల్లా పిల్లాడూ ఊళ్లో ఉన్న అమ్మమ్మకో తాతకో ఫోను చేసి, తమకి జవాబు తెలియని ప్రశ్న ఒక్కటి అడగాలి. విన్నది విన్నట్టు, వాళ్ల యాసలోనే, మాటలోనే, వేదిక మీద చెప్పాలి. ఒడియా కలిసినా, మరాఠీ కలిసినా, మనవడి ఇంగ్లీషు కలిసినా సరే. బల్ల దగ్గర కూర్చున్నవాళ్లకి మార్కుల కాగితం ఉండదు, తిరిగి ఒక ప్రశ్న అడిగే హక్కు మాత్రం ఉంటుంది. తల్లిదండ్రులకీ ఇదే పరీక్ష పెడితే ఇంకా మంచిది, కానీ హాలు ఖాళీ అవుతుందేమోనని కమిటీ భయం. ఫోన్లో ఒక చిక్కుంది. అవతల మాట ఆగితే లైను కట్ అయిందనుకుని మనం హలో హలో అంటాం. నేనిప్పుడు మనసులో పది దాకా లెక్కపెడుతున్నాను. అమ్మ సాధారణంగా ఏడు దగ్గర మాట్లాడుతుంది.

ఊరి నుంచి తిరిగి వచ్చాక ఆ బాబు వాళ్ల నాన్నకి ఫోను చేశాను. వాళ్లది టెక్కలి దగ్గర. జరిగింది చెప్పి, మార్కు కోసింది నేనేనని చెప్పాను. ఆయన మర్యాదగా, "అయ్యో, దానికేముందండీ, మేమూ ఇంట్లో మానిపిస్తున్నాం" అన్నాడు. అది ఇంకా కష్టంగా అనిపించింది. బాబుకి ఫోనివ్వమన్నాను. విషయం విన్నాక వాడు ఆలోచించాడు. నేను ఆరు దాకా లెక్కపెట్టాను.

"అయితే ఆ హాఫ్ మార్కు ఇచ్చేస్తారా అంకుల్? నేను సెకండ్ వచ్చింది దానివల్లే."

ఇస్తానన్నాను. కమిటీకి ఇంకా చెప్పలేదు. ఈ వ్యాసం అచ్చయితే చెప్పినట్టే.