ఆత్మల భారం, బిర్యానీ ప్యాకెట్లు

మా చర్చి సంఘంలో పోయిన నెల సువార్త ఉద్యమం మొదలైంది. మొదలైందని ఎలా తెలిసిందంటే, ఫ్లెక్సీ వేశారు.

అంతకుముందు ఆదివారం మా పాస్టరు అయ్యగారు మత్తయి సువార్త చివరి అధ్యాయం తీసుకుని గంటన్నర ప్రసంగించారు. "ఈ వారంలో కనీసం ఒక్కరికి ప్రభువు సంగతి చెప్పినవాళ్ళు చేతులెత్తండి" అన్నారు. మందిరం మొత్తంలో లేచిన చెయ్యి ఒక్కటే. అదీ ఫ్యాను స్పీడు పెంచమని సైగ చేసిన చెయ్యి. దాంతో పెద్దలందరికీ ఆత్మల భారం, అంటే నలుగురినీ ప్రభువు దగ్గరికి తేవాలన్న తపన, కలిగింది. మనవాళ్ళకి భారం కలిగితే ఏం చేస్తారో మీకు తెలియంది కాదు. కమిటీ వేస్తారు.

కమిటీ నాలుగుసార్లు కూర్చుంది. అందులో మూడుసార్లు ఫ్లెక్సీ గురించే. నడుమ మైకు పట్టుకుని, మండు వేసవిలో కోటు వేసుకున్న అయ్యగారు. పక్కన అమ్మగారు. కింది వరసలో సెక్రటరీ, కోశాధికారి, నల్లకళ్ళద్దాలతో యూత్ లీడరు, టీ షర్టులు స్పాన్సర్ చేసిన కాంట్రాక్టరుగారు, ఆయన తమ్ముడు. తమ్ముడుగారు మందిరం మెట్లెక్కగా నేను చూడలేదు, కానీ ఫోటోలో భక్తిగానే ఉన్నారు. ఏసుప్రభువుకి చోటు చాలలేదు. ఈ సంగతి నేను ఎత్తితే సెక్రటరీగారు, "ఆయన సర్వవ్యాపి కదా బ్రదర్, ప్రత్యేకంగా వెయ్యాలా?" అన్నారు. వేదాంతపరంగా దీనికి జవాబు లేదు.

ఫ్లెక్సీ షాపులో డిజైన్ చేసే కుర్రాడికి ఇరవయ్యేళ్ళుంటాయేమో. మనవాడు కాదు, నుదుట బొట్టు ఉంది. పేర్లన్నీ టైపు చేసి, చివర వాక్యం దగ్గర ఆగాడు. ప్రయాసపడి భారం మోస్తున్నవాళ్ళంతా నా దగ్గరికి రండి, విశ్రాంతి ఇస్తాను అనే వాక్యం అది. రెండుసార్లు చదువుకున్నాడు. "అన్నా, ఇది ఎవరు ఎవరితో అన్న మాట?" అని అడిగాడు.

అడిగాడండీ! మనం ఉపవాసాలుండి, రాత్రంతా మేలుకుని, "తలుపులు తెరువు ప్రభువా" అని గొంతులు పోయేలా అరిచి, ఎవరైనా అడగాలని కోరుకున్న ప్రశ్న, తనంతట తాను, ఏసీ గదిలో కుర్చీ తిప్పుకుని మరీ అడిగాడు. మా సెక్రటరీగారు స్క్రీను వైపు వంగి, "ఆ వాక్యం కాస్త చిన్నది చెయ్యి నాన్నా, యూత్ లీడర్ మోచెయ్యి కట్ అవుతోంది" అన్నారు. నేనేం చేశానంటారా? బిల్లు సంఘం పేరు మీద రాయమని చెబుతున్నాను.

ఇక దండయాత్ర రోజు. ఒకే రంగు టీ షర్టులు, ట్రాలీ ఆటో మీద రెండు స్పీకర్లు, అయిదు వేల కరపత్రాలు. ఏ వీధికి వెళ్ళాలన్న దానిమీద ముందే లోతుగా చర్చించి, ఎవరూ ఎదురు మాట్లాడని వీధి ఎంచుకున్నారు. అంటే మా వీధి. మొదటి ఇల్లు స్త్రీల సమాజం అధ్యక్షురాలిది. "అమ్మా, మీరు రక్షణ పొందారా?" అని స్పీకర్లో అడిగారు. ముప్పయ్యేళ్ళ క్రితమే పొందానని చెప్పి ఆవిడ అందరికీ మజ్జిగ ఇచ్చారు. రెండో ఇల్లు కోశాధికారిగారిది. ఆయన టీ షర్టు వేసుకుని మాతోనే ఉన్నారు, అయినా కార్యక్రమం ప్రకారం గబగబా లోపలికెళ్ళి తలుపు తీసి, కరపత్రం అందుకుని, కళ్ళు తుడుచుకున్నారు. వీడియో బాగా వచ్చింది. ఇలా పద్దెనిమిది ఇళ్ళు, పద్దెనిమిది ప్రార్థనలు, మూడు రకాల మజ్జిగ. పంతొమ్మిదో ఇంట్లో ఉండేది రిటైరైన హిందూ మాస్టారు. గేటు దగ్గరే నిలబడి చూస్తున్నారు. "అన్యులు, ఎందుకొచ్చిన గొడవ" అని స్పీకరు ఆపేసి, ఆయనకి నమస్కారం పెట్టి, ఇరవయ్యో ఇంటికి వెళ్ళిపోయాం. సాయంత్రానికి అందరి స్టేటస్సుల్లోనూ ఒకటే మాట: "ఆత్మల కోత". కోతా లేదు, కుప్పా లేదు. బిర్యానీ మాత్రం ఉంది.

"రోజులు బాగాలేవు బ్రదర్" అంటారు. నిజమే, సువార్త చెప్పినందుకు దెబ్బలు తిన్నవాళ్ళు ఈ దేశంలో ఉన్నారు. వాళ్ళ పేరు చెప్పుకుని మనం దాక్కోవడం ఏం బాగుంటుంది? మన భయం లాఠీలకి కాదు, అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌లో ఏమనుకుంటారోనని. మతం మార్చమని ఎవరూ అనడంలేదు. నీకేం జరిగిందో నీ పక్కవాడికి ఒక్క మాట చెప్పమంటున్నారు. అందుకు మతస్వేచ్ఛ ఇచ్చే రాజ్యాంగం 25వ అధికరణ చాలు, అది కూడా అక్కర్లేదు, కాస్త చనువుంటే చాలు.

మాది ఒంగోలు వైపు. ఈ మట్టిమీదే యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ తోలు వ్యాపారి తిరిగాడు. తోళ్ళు కొంటూ, అమ్ముతూ, ఎదురైన ప్రతివాడికీ తాను విన్న సంగతి చెప్పుకుంటూ పోయాడు. అమెరికా మిషనరీ క్లౌ దొర పేరయ్య ఊరికి వచ్చి బాప్తిస్మం ఇచ్చేసరికే అక్కడ నమ్మినవాళ్ళు ఎదురుచూస్తున్నారు. తర్వాత పెద్ద కరువొచ్చింది. దొర బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి ఇప్పించాడు. గింజల కోసం వచ్చారన్న మాట పడకూడదని కరువు సాయం జరిగినన్నాళ్ళూ బాప్తిస్మాలు ఆపేశాడు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మంది నీళ్ళలోకి దిగారు. అంతమందిని కూడగట్టింది పేరయ్యలాంటి వాళ్ళ కాళ్ళు. ట్రాలీ ఆటో కాదు.

దోర్నకల్‌లో 1912లో బిషప్పయిన అజరయ్యగారైతే, కొత్తగా బాప్తిస్మం తీసుకున్న ప్రతివాడి చేతా తన చెయ్యి తన తలమీదే పెట్టించి, సువార్త ప్రకటించకపోతే నాకు శ్రమ, అంటే నాకు చేటు, అని పలికించేవారట. వాళ్ళలో ఎక్కువమంది చదువురాని కూలీలు. ఈ పద్ధతి మా కమిటీకి చెప్పాను. ఫోటోకి బాగుంటుందన్నారు.

ఇదంతా నవ్వుకోవచ్చు. నవ్వలేని సంగతి ఒకటుంది. మా వీధిలో నాలుగిళ్ళల్లో పాచిపని చేసే ఆవిడ ఒకావిడ. నాలుగూ విశ్వాసుల ఇళ్ళే. పదకొండేళ్ళుగా మన కుటుంబ ప్రార్థనల మధ్యనే అంట్లు తోముతోంది. మనం "సర్వలోక రక్షణ" కోసం కన్నీళ్ళు పెట్టుకుంటుంటే ఆ పక్కనుంచే తడిగుడ్డ పెట్టుకుంటూ పోతుంది. ఆమె కొడుకు ఆస్పత్రిలో చచ్చి బతికిన నెలలో ఈ నాలుగిళ్ళల్లో ఒక్కరూ "నీ కోసం ప్రార్థన చెయ్యనా?" అనలేదు. జీతం కోశారు, నాగాలు లెక్కేసి. ఆ ఇళ్ళల్లో రెంటిలో ఆమెకి వేరే గ్లాసుంది. సింకు కింద, ఫినాయిల్ పక్కన. సిగ్గుండాలి మనకి! హోటల్ బయట అంటరానివాళ్ళకని పెట్టిన రెండో గ్లాసులో టీ తాగి, అది కడిగి పెట్టి వచ్చిన తాతల మనవలం మనం. ప్రభువు ఆ గ్లాసు తీసిపారేస్తాడని నమ్మే కదయ్యా వాళ్ళు గుండ్లకమ్మలో దిగింది? దాన్ని వంటింట్లోకి తెచ్చుకుని మళ్ళీ ఆమెకే ఇస్తున్నామే, ఇంకేం సువార్త చెబుతాం? ఏ మొహంతో చెబుతాం?

సరే. పోయిన ఆదివారం లెక్కలు చదివారు. ఖర్చులో మొదటిది బిర్యానీ, రెండోది ఫ్లెక్సీ. కరపత్రాలు అయిదు వేలకి 4,930 మిగిలాయి. పోయిన డెబ్భైలో చాలావరకు చేతులు తుడుచుకోవడానికి వాడారని తెలిసింది. మిగిలినవి వచ్చే ఏడాదికి దాచాలని తీర్మానించారు. వాటిమీద ఈ ఏడాది తేదీ ఉంది కాబట్టి స్టిక్కరు అంటించాలట. స్టిక్కరు మీద ఎవరి ఫోటో వెయ్యాలన్నదానికి ఒక కమిటీ వేశారు.